నూనె మానేసినా ట్రైగ్లిజరైడ్లు ఎందుకు తగ్గలేదంటే...

ఒరేయ్ శీనూ,

నీ రిపోర్టు చూశాను. ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలో తిరిగే కొవ్వు, 280. నూనె చుక్క ముట్టట్లేదు, నెయ్యి మొహం చూడట్లేదు, అయినా ఇదెక్కణ్నుంచి ఊడిపడిందని రాశావు. పరగడుపున తీసిన రక్తం కదరా అది. అందులో కనిపించేది దాదాపుగా నీ కాలేయం కట్టి పంపిన కొవ్వే.

తిన్న నూనె దారి వేరు. చిన్నపేగులో పైత్యరసం దాన్ని సన్నటి తుంపరలు చేస్తుంది. క్లోమం నుంచి వచ్చే లైపేజ్ అనే కొవ్వు విడగొట్టే ఎంజైమ్ ఒక్కో ట్రైగ్లిజరైడ్‌లో ఉన్న మూడు కొవ్వు ఆమ్లాల్లో రెండింటిని ఊడదీస్తుంది. పేగు కణాలు ఆ ముక్కల్ని లోపలికి లాక్కుని, మళ్లీ అతికించి, ప్రొటీన్ తొడుగు వేసి కైలోమైక్రాన్లుగా కడతాయి. ఇవి చక్కెరలాగా నేరుగా కాలేయానికి పోవు. శోషరస నాళాలెక్కి, ఛాతీ మీదుగా వెళ్లి, మెడ కింద ఎడమవైపు పెద్ద సిరలో కలుస్తాయి. 10-12 గంటలయ్యేసరికి ఆరోగ్యంగా ఉన్నవాడి రక్తంలో ఇవి దాదాపు ఖాళీ. ల్యాబ్ వాళ్లు పరగడుపున రమ్మనేది అందుకే.

కాలేయం పంపే రేణువుల పేరు వీఎల్‌డీఎల్. నీ రిపోర్టులో అది 56 అని ఉంది చూడు, దాన్నెవరూ కొలవలేదు. 280ని 5తో భాగించి వేశారంతే. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఆ లెక్కే పనికిరాదు.

ఇక అసలు సంగతి. కొవ్వు కణాల్లో దాచుకున్నది బయటికి రావాలంటే ఇన్సులిన్ తగ్గాలి. తగ్గితే అక్కడి లైపేజ్‌లు కొవ్వు ఆమ్లాల్ని విడదీస్తాయి, రక్తంలోని ఆల్బుమిన్ వాటిని మోసుకెళ్తుంది. కండరంలోగానీ కాలేయంలోగానీ అవి మైటోకాండ్రియాలోకి, అంటే కణంలో శక్తి పుట్టించే గదిలోకి, పోవాలంటే కార్నిటిన్ అనే పదార్థం పట్టుకుని దాటించాలి. (జిమ్‌లో అమ్మే కార్నిటిన్ డబ్బా కొనకు. కాలేయం, మూత్రపిండాలు సరిపడా తయారుచేసుకుంటాయి.) లోపల అవి రెండేసి కార్బన్ల ముక్కలుగా తెగి కాలతాయి, శక్తి వస్తుంది. కరిగిన కొవ్వు చెమటగా కారిపోతుందనుకునేవాళ్లు చాలామంది. నిజానికి 10 కిలోలు కాలితే 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడై ఊపిరిలోనే పోతుంది.

ఆ కార్నిటిన్ ద్వారానికి ఒక గొళ్లెం ఉంది, మలోనైల్-కోఎ. కాలేయం చక్కెరను కొవ్వుగా మార్చేటప్పుడు పుట్టే పదార్థమది. అది పెరిగితే ద్వారం మూసుకుంటుంది. కాలేయంలో గ్లైకోజన్ (చక్కెరను దాచుకునే రూపం) పట్టేది 100 గ్రాములదాకా, కండరాల్లో ఇంకో 400. నూనె తీసేసిన లోటును నువ్వు మూడుపూటలా అన్నంతో, ఇడ్లీతో, చక్కెర టీతో పూడుస్తున్నావు. ఆ గది నిండాక మిగిలింది కొవ్వుగా మారుతుంది, గొళ్లెం పడుతుంది. పొట్ట దగ్గరి కొవ్వులోంచి వచ్చిన కొవ్వు ఆమ్లాలు కూడా కాలకుండా వీఎల్‌డీఎల్‌లోకెక్కి రక్తంలోకి వస్తాయి. పొట్ట పెరిగినవాళ్లలో ఇన్సులిన్ మాట కొవ్వు కణాలు సరిగ్గా వినవు, కాబట్టి కొవ్వు ఆమ్లాల రాక కూడా ఎక్కువే. శనివారం బీరు దీనికి తోడు: మద్యాన్ని విరిచే పనిలో ఉన్నంతసేపు కాలేయంలో కొవ్వు కాలడం మందగిస్తుంది.

అందుకని అన్నం సగం చెయ్యి, ఆ జాగాలో పప్పు, కూర, పెరుగు పెట్టు. టీలో చక్కెర, బీరు రెండూ ఆపు. కూరలో రోజుకి మూడు నాలుగు చెంచాల నూనెకి భయపడకు. తిన్నాక అరగంట నడువు. కదిలే కండరాల రక్తనాళాల గోడల మీద లైపోప్రొటీన్ లైపేజ్ పెరిగి, తిరుగుతున్న రేణువుల్ని దించుకుంటుంది. డాక్టర్ని అడిగి టీఎస్‌హెచ్, హెచ్‌బీఏ1సీ కూడా చేయించు, థైరాయిడ్ మందగించినా షుగర్ ఉన్నా ఈ అంకె పెరుగుతుంది.

మీ బావగారికి 900 అన్నావు కదా, ఆయనకి నూనెకి భయపడకన్న ఈ సలహా చెప్పకు. 500 దాటినవాళ్లలో ఆ లైపేజ్‌కే తీరిక ఉండదు, తిన్న నూనె కూడా రక్తంలో పేరుకుంటుంది, క్లోమం వాచే ప్రమాదముంది. ఆయన నూనె కూడా గట్టిగా తగ్గించాలి, ఈ వారంలోనే డాక్టర్ని కలవాలి. కడుపు పైభాగంలో నొప్పి వీపులోకి పాకితే గ్యాస్ అనుకుని కూర్చోనివ్వకు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లు.

నీ
రమణ