రీబిల్డ్ చేసిన టర్బో కారుతుంటే ముందు చూడాల్సింది రిటర్న్ పైపు

సంపాదకులకు నమస్కారం.

ఎగ్జాస్ట్ గ్యాసుతో టర్బైన్ చక్రం తిరిగి, అదే షాఫ్టు మీది కంప్రెసర్ చక్రంతో ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపేదే టర్బో. దాన్ని రీబిల్డ్ చేయించి బిగించిన పది రోజులకే మళ్లీ ఆయిల్ కారుతోందని, సైలెన్సర్ నుంచి నీలం పొగ ఆగడం లేదని బెంగళూరు జేసీ రోడ్డు, కలాసిపాళ్యం షెడ్లకు కార్లు వస్తూనే ఉన్నాయి. పొగ కాలుష్యంపై బీఎస్-6 నిబంధనలు వచ్చిన 2020 ఏప్రిల్‌లో మారుతి డీజిల్ కార్ల తయారీ ఆపేసింది. అంతకుముందు కొన్న స్విఫ్టులు, డిజైర్లు, ఎర్టిగాలు బెంగళూరులో ఇంకా తిరుగుతున్నాయి. వాటి టర్బోలకు ఇప్పుడు మరమ్మతుల వయసు. పొగ కనబడగానే "సీలు పోయింది" అని చెప్పి టర్బోను మళ్లీ విప్పించడం మామూలైపోయింది. ఆ డబ్బు కట్టే కుటుంబాల గురించి ఆలోచించి ఈ ఉత్తరం రాస్తున్నాం. చాలా సందర్భాల్లో తప్పు టర్బోలో ఉండదు, దాని చుట్టూ ఉంటుంది.

అసలు ఆ సీలు అంటే ఏమిటో తెలిస్తే సగం సందేహం తీరుతుంది. చిన్న కారు టర్బో షాఫ్టు నిమిషానికి 2 లక్షల చుట్ల దాకా తిరుగుతుంది. ఆ వేగానికి, ఎగ్జాస్ట్ వేడికి రబ్బరు సీలు నిలవదు. అందుకని షాఫ్టుకు రెండు చివర్లా పిస్టన్ రింగు లాంటి సన్నని చీలిక రింగు పెడతారు. దాని ముఖ్యమైన పని ఎగ్జాస్ట్ గ్యాసు, బూస్ట్ గాలి (కంప్రెసర్ ఒత్తిన గాలి) లోపలికి జొరబడకుండా అడ్డుకోవడం. నిండి నిలిచిన ఆయిల్‌ను ఆపే శక్తి దానికి లేదు. ఇంజన్ పంపు నుంచి ఒత్తిడితో వచ్చిన ఆయిల్ షాఫ్టును మోసే బుష్‌లు దాటగానే ఒత్తిడి కోల్పోతుంది, నురగ కట్టి సొంత బరువుతోనే కిందికి జారి సంప్‌లో (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో) పడాలి. ఆ దారిలో ఎక్కడ అడ్డు తగిలినా కోర్ (షాఫ్టు, బుష్‌లు ఉండే టర్బో మధ్య భాగం) లోపల ఆయిల్ మట్టం షాఫ్టు దాకా లేస్తుంది. అప్పుడు కొత్త రింగు వేసినా ఒకటే, పాత రింగు ఉన్నా ఒకటే, చీలిక గుండా ఆయిల్ కంప్రెసర్ వైపో టర్బైన్ వైపో దారి చేసుకుంటుంది.

కాబట్టి మొదట చూడాల్సింది ఆయిల్‌ను టర్బో నుంచి సంప్‌కు దింపే రిటర్న్ పైపు. లోపలి వ్యాసం కనీసం 12 మిల్లీమీటర్లు ఉండాలి, పొడవునా వాలు కిందికే ఉండాలి, మధ్యలో ఎక్కడా పైకి లేచి దిగకూడదు. ఆయిల్ లోపలికొచ్చే రంధ్రం నేరుగా పైకి, బయటికెళ్లే రంధ్రం నేరుగా కిందికి ఉండేలా కోర్‌ను నిలబెట్టాలి. నిలువు గీత నుంచి 35 డిగ్రీలకు మించి వాలితే ఆయిల్ సరిగా దిగదు. రీబిల్డ్ చేసేటప్పుడు హౌసింగ్‌లు (రెండు చక్రాల మీది తొడుగులు) విప్పి మళ్లీ బిగిస్తారు కదా, అక్కడ కోర్ కాస్త తిరిగిపోవడం తరచూ జరిగే పొరపాటు. విప్పకముందే రెండు హౌసింగ్‌ల మీదా గీత గీసుకుంటే ఆ బాధ ఉండదు.

పైపులో రబ్బరు ముక్క ఉంటే దాన్ని మార్చేయడమే మంచిది. పైకి నున్నగా కనిపిస్తుంది, లోపలి పొర వేడికి ఊడి నాలుకలా వేలాడుతుంటుంది. దాని స్థానంలో రేడియేటర్ హోస్ ముక్క తొడిగితే ఆయిల్‌కు ఉబ్బి మూసుకుపోతుంది. వేడికి, ఆయిల్‌కు తట్టుకునే హోస్ అని అడిగి తెచ్చుకోవాలి.

ఇక సిలికాన్ పేస్టు. రిటర్న్ ఫ్లాంజి (పైపు కొనను బోల్టులతో బిగించే పలక) దగ్గర ప్యాకింగ్‌కు తోడు పేస్టు రాయడం మంచి పని అనుకుంటారు. బోల్టు బిగించగానే ఆ పేస్టు లోపలికి పిండుకుని పురుగులా గడ్డకడుతుంది, పైపు నోరు సగం మూస్తుంది. ఆయిల్ టర్బోలోకి వచ్చే ఫీడ్ వైపు పేస్టు ఇంకా ప్రమాదం: చిన్న తునక ఊడినా బుష్ రంధ్రం మూసుకుని షాఫ్టు ఆయిల్ లేకుండా తిరుగుతుంది. ఆయిల్ దారిలో ఏ ఫ్లాంజికీ పేస్టు వద్దు. ప్యాకింగ్ పొడిగా వేయాలి. వేసేముందు ప్యాకింగ్ రంధ్రం, ఫ్లాంజి రంధ్రం ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటున్నాయో కంటితో చూడాలి. వేరే మోడల్ ప్యాకింగ్ బోల్టులకు సరిపోయి రంధ్రాన్ని మాత్రం సగం కప్పేయడం ఉంది.

పైపు బాగుందని తేలితే తర్వాతి అనుమానం ఇంజన్ బ్రీదర్ (ఇంజన్ లోపలి గ్యాసు బయటికి వెళ్లే దారి) మీద. పిస్టన్ రింగులు అరిగిన ఇంజన్లో మండిన గ్యాసు కిందికి దిగి క్రాంక్‌కేసులో (ఇంజన్ కింది గదిలో) ఒత్తిడి పెంచుతుంది. బ్రీదర్ పైపు, ఆ గ్యాసును అదుపు చేసే పీసీవీ వాల్వు, ఆయిల్ సెపరేటర్ మూసుకుపోయినా అంతే. ఆయిల్ దిగాల్సిన చోట ఎదురు ఒత్తిడి ఉంటే ఏ టర్బో అయినా కారుతుంది. దీన్ని కొలవడానికి ఖరీదైన మీటరు అక్కర్లేదు. ఒక మీటరు పొడవు పారదర్శకమైన పైపును యు ఆకారంలో చెక్కకు కట్టి సగం దాకా నీళ్లు పోయండి. ఒక కొనను డిప్‌స్టిక్ గొట్టానికి గాలి పోకుండా బిగించి, బ్రీదర్ విప్పకుండా, వేడెక్కిన ఇంజన్ నడపండి. రెండు వైపుల నీటి మట్టాల మధ్య 10 సెంటీమీటర్ల తేడా అంటే దాదాపు 1 కిలోపాస్కల్. ఐడిల్‌లోనే (యాక్సిలరేటర్ తొక్కకుండానే) మట్టం అలా తోసుకుపోతుంటే, వేగం పెంచితే నీళ్లు పైకి చిమ్ముతుంటే టర్బోను ముట్టుకోవద్దు, ముందు బ్రీదర్ శుభ్రం చేయండి. అయినా తగ్గకపోతే ఇంజన్ కంప్రెషన్ చూడాల్సిందే.

ఇంకో పరీక్ష. రిటర్న్ పైపును ఇంజన్ బ్లాకు దగ్గర విప్పి, బ్లాకు రంధ్రం మూసేసి, పైపు కొనను కనీసం 3 లీటర్లు పట్టే మూతలేని డబ్బాలోకి వదిలి ఇంజన్‌ను ఐడిల్‌లో నడపండి. ఒక నిమిషం మించకూడదు, సంప్‌లో ఆయిల్ తగ్గిపోతుంది. కింద వేడి ఎగ్జాస్ట్ మీద ఆయిల్ పడితే అంటుకుంటుంది, పక్కన మంటలార్పే సిలిండర్ ఉంచుకోవాలి. కంప్రెసర్ నుంచి గాలి బయటికెళ్లే నోటి దగ్గర ఆయిల్ ఊరడం అప్పుడు ఆగిపోతే టర్బో నిర్దోషి, తప్పు బ్లాకు వైపు ఉన్నట్టు. అయినా ఊరుతూనే ఉంటే అప్పుడు కోర్ విప్పడంలో అర్థముంది. పొగను బట్టి మాత్రం ఈ ఒక్క నిమిషంలో తేల్చలేం, దాని సంగతి కింద చెబుతాం.

సంప్‌లో ఆయిల్ గుర్తుకన్నా ఎక్కువ పోసినా ఇదే కథ. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న బీఎస్-6 డీజిల్ కార్లలో ఎవరూ పోయకుండానే మట్టం పెరుగుతుంది. డీపీఎఫ్ తనలోని మసిని కాల్చుకునే క్రమం మధ్యలో ఆగిపోయినప్పుడల్లా కొంత డీజిల్ సంప్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ వాసన చూస్తే తెలుస్తుంది. అలాంటి ఆయిల్ పలచబడి బుష్‌లనూ తినేస్తుంది, వెంటనే మార్చాలి.

ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుంటే కంప్రెసర్ ముందు చూషణ పెరిగి ఆయిల్‌ను లాగుతుంది. సైలెన్సర్ వైపు డీపీఎఫ్, కెటలిటిక్ కన్వర్టర్ పూడుకుంటే ఎగ్జాస్ట్ గ్యాసు రింగు దాటి కోర్‌లోకి దూరి ఆయిల్‌ను మసి చేస్తుంది.

ఆయిల్ ఎక్కడి నుంచి వస్తోందో చూసే పద్ధతి కూడా చెప్పాలి. కంప్రెసర్ చక్రానికి ముందున్న గొట్టం తడిగా ఉంటే అది బ్రీదర్ నుంచి వచ్చిన ఆవిరి, టర్బోది కాదు. టర్బో పంపే వేడి గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ గొట్టంలో పలచని ఆయిల్ పొర మామూలే, భయపడక్కర్లేదు. బయట కారుతుంటే బ్రేక్ క్లీనరుతో కడిగి ఆరబెట్టి, టాల్కం పౌడర్ చల్లి ఐదు నిమిషాలు నడపండి. పౌడర్ ఎక్కడ ముందు తడిస్తే అక్కడే లీకు. ఫీడ్ పైపు బిగించే యూనియన్ దగ్గరయితే పాత కాపర్ వాషర్ మళ్లీ వాడి ఉంటారు. కంప్రెసర్ వెనక పలక చుట్టూ అయితే దాని ఓ-రింగ్ తెగి ఉంటుంది, లేదా వేయడమే మరిచి ఉంటారు.

రీబిల్డ్ తర్వాత పొగ వచ్చిందని అదే రోజు టర్బోను వెనక్కి పంపకండి. పాత టర్బో పోయినప్పుడు కారిన ఆయిల్ ఇంటర్‌కూలర్‌లో, సైలెన్సర్‌లో నిలిచి ఉంటుంది. సైలెన్సర్‌లోది కాలిపోయేదాకా కొంత దూరం పొగ వస్తూనే ఉంటుంది, రోజురోజుకూ తగ్గాలి. ఇంటర్‌కూలర్‌ను మాత్రం తప్పనిసరిగా విప్పి, డీగ్రీజర్‌తో కడిగి, తలకిందులుగా పెట్టి పూర్తిగా ఆరనివ్వాలి. అందులో నిలిచిన ఆయిల్‌ను డీజిల్ ఇంజన్ ఒక్కసారిగా పీల్చుకుంటే తాళం తిప్పినా ఆగదు, వేగం తనంతట తానే పెరిగిపోతుంది. మాన్యువల్ గేరు బండి అయితే టాప్ గేరు వేసి, బ్రేకు గట్టిగా తొక్కి, క్లచ్ వదిలి ఆపాలి. గాలి నోటికి చెయ్యి అడ్డం పెట్టవద్దు.

రీబిల్డ్ చేసేవాళ్ల తప్పు ఉండదని మేము అనడం లేదు. రింగు దాని హౌసింగ్ బోరులో స్ప్రింగులా పట్టుకుని కదలకుండా కూర్చోవాలి, షాఫ్టు గాడి మాత్రమే తిరగాలి. పాత రింగు ఆ బోరులో మెట్టు కొరికి ఉంటే కొత్త రింగుకు పట్టు దొరకదు. అప్పుడు హౌసింగే మార్చాలి, కిట్టు వేసి లాభం లేదు. లోపలి గదిలో గట్టిపడ్డ మసిని గీకి తీయకుండా కొత్త బుష్‌లు వేసేవాళ్లూ ఉన్నారు, మిగిలిన మసి వారంలో ఆయిల్ దారిని మూస్తుంది. కంప్రెసర్ వైపు ఆయిల్‌ను కిందికి మళ్లించే రేకు తిరగేసి వేసినా కారుతుంది. షాఫ్టును చేత్తో కదిపినప్పుడు పక్కలకు కాస్త ఆడటం బుష్ టర్బోలో సహజం, ఆయిల్ నిండితే సర్దుకుంటుంది. ముందుకు వెనక్కి మాత్రం చేతికి తెలియకూడదు. డయల్ గేజీ పెట్టి చూస్తే చిన్న కారు టర్బోలకు సాధారణంగా 0.1 మిల్లీమీటరు లోపే ఉంటుంది.

బిగించేటప్పుడు ఫీడ్ పైపు కొత్తదే వేయండి. గాలి కొట్టి శుభ్రం చేసిన పైపులో మసి పొర వదులై తర్వాత ఊడుతుంది. బ్యాంజో బోల్టులో (ఫీడ్ పైపును బిగించే, ఆయిల్ పోయే రంధ్రమున్న బోల్టులో) చిన్న జల్లెడ ఉంటే అదీ మార్చాలి. బోల్టు రంధ్రాన్ని డ్రిల్లు పెట్టి పెద్దది చేయకండి. తర్వాత పై రంధ్రంలో శుభ్రమైన ఇంజన్ ఆయిల్ పోస్తూ కంప్రెసర్ చక్రాన్ని వేలితో మెల్లగా తిప్పాలి. ఇంజన్ స్టార్ట్ కాకుండా ఫ్యూయెల్ కనెక్షన్ తీసి, 10 నుంచి 15 సెకన్ల చొప్పున ఆయిల్ లైటు ఆరేదాకా స్టార్టర్ తిప్పాలి. ఆ తర్వాతే స్టార్ట్ చేసి మూడు నిమిషాలు ఐడిల్‌లో వదలాలి, రేస్ ఇవ్వకూడదు.

బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు. గాలి పలచన, అదే బూస్ట్ కోసం ఇక్కడ టర్బో ఇంకాస్త వేగంగా తిరగాలి. చిత్తూరు నుంచి వస్తూ మొగిలి ఘాట్ ఎక్కి వెంటనే టీ కోసం ఇంజన్ ఆపితే కోర్‌లో నిలిచిన ఆయిల్ మాడి మసవుతుంది. ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో చల్లబడనివ్వండి. సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్‌లో అరగంట ఐడిల్‌లో ఉంచడం మాత్రం వేరే విషయం. బూస్ట్ లేనప్పుడు రింగుకు గాలి తోడు ఉండదు, సన్నగా ఆయిల్ ఊరుతుంది. బండి కదిలాక ఒక్కసారి కొద్దిగా నీలం పొగ వచ్చి ఆగితే టర్బో విప్పవద్దు.

రీబిల్డ్ షాపులో డబ్బు కట్టేముందు మూడు అడగండి: హై స్పీడ్ బ్యాలెన్సింగ్ మెషీన్ ఇచ్చిన గ్రాఫు కాగితం, మార్చిన భాగాల జాబితా, తీసిన పాత రింగులు. ఆ కాగితం బండి ఫైల్లో పెట్టుకుని, బిగించే మెకానిక్‌కు ఈ ఉత్తరంలోని రిటర్న్ పైపు, బ్రీదర్ సంగతులు చూపించండి.

ఇట్లు,
టర్బో మరమ్మతు పనివాళ్లం,
కలాసిపాళ్యం, బెంగళూరు.