2025–26 వార్షిక నివేదిక: మన పెరటి కోళ్లు, మన ఇంటి కుక్కలు

సభ్యులందరికీ నమస్కారం.

ఈసారి నివేదికలో ఎక్కువ భాగం కోళ్ల గురించే ఉంటుంది. సంక్షేమ సంఘానికి కోళ్లతో ఏం పని అని మొదట్లో కమిటీలోనే కొందరు అడిగారు. కానీ ఈ ఏడాది మన వీధుల్లో మాటామాటా పెరిగింది ఈ విషయం మీదే. పక్కపక్క ఇళ్లవాళ్లు నెలల తరబడి పలకరించుకోకుండా తిరిగిందీ దీని వల్లే. అందుకే మిగతావి ముందు క్లుప్తంగా చెప్పేస్తాను.

కాలువల పూడిక వానలకు ముందే తీయించాం. వెలగని వీధి దీపాల గురించి వార్డు సచివాలయంలో అర్జీ పెట్టాం, చాలావరకు బాగుచేశారు. వినాయక చవితి చందాలు, సంఘం జమాఖర్చులు విడి కాగితం మీద ఉన్నాయి, చూసుకోండి.

ఇక కోళ్ల సంగతి. విశాఖలో మన ఆరిలోవ వైపు పెరడున్న ఇళ్లలో నాలుగు కోళ్లు ఉండటం కొత్త కాదు. కుట్టు మిషనుతో ఇల్లు నడుపుకునే మన సభ్యురాలు ఒకామెకి గుడ్ల మీద వచ్చే డబ్బులే పిల్లల పుస్తకాల ఖర్చు. జూన్‌లో ఒకరోజు తెల్లవారుజామున ఆమె లేచి చూసేసరికి పెరట్లో పదకొండు కోళ్లు చచ్చి పడున్నాయి. పొదుగులో ఉన్న పెట్ట కూడా పోయింది. దాని కింద గుడ్లు చల్లబడిపోయాయి. ఇరవై ఒక్క రోజుల పొదుగులో ఇంకో నాలుగు రోజులైతే పిల్లలయ్యేవి. ఆ ఉదయం ఆమె ఏడుస్తూ ఈకలు ఏరుతుంటే నేనక్కడే ఉన్నాను. కోళ్లే కదా అనేవాళ్లు ఆ పెరడు ఒకసారి చూసి ఉంటే బాగుండేది.

మొదట అందరం అడవి మీద అనుమానపడ్డాం. కంబాలకొండ అడవి మనకి అంత దగ్గర, నక్కో జంగపిల్లో దిగి ఉంటుందనుకున్నాం. కానీ నక్క అయినా జంగపిల్లి అయినా మామూలుగా పట్టిన కోడిని ఎత్తుకుపోతుంది. ఇక్కడ ఒక్క కోడినీ తినలేదు, కొరికి విదిలించి వదిలేశాయి. తడి మట్టిలో అడుగులకి గోళ్ల గుర్తులు ఉన్నాయి. పిల్లి జాతి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది, కుక్క ముడుచుకోలేదు. రెక్కలు కొట్టుకుంటూ పరిగెత్తేదాన్ని చూస్తే కుక్క వెంటపడుతుంది. అది ఆగిపోయాక ఇంకోదాని మీదకి పోతుంది. ఆకలితో సంబంధం లేదు, కాబట్టి ‘మా కుక్కకి రెండు పూటలా కడుపునిండా పెడతాం’ అన్నది దీనికి జవాబు కాదు.

తర్వాత అనుమానం వీధి కుక్కల మీదకి మళ్లింది. మూల ఇంటి సీసీ కెమెరా తెరిపించి చూస్తే, నాలుగున్నరకి వచ్చిన రెండు కుక్కల మెడలకీ బెల్టులున్నాయి. పక్క వీధిలో మన సభ్యుల కుక్కలే. రాత్రి గేటు తీసి వదిలేసి, పొద్దున పాలవాడు వచ్చేసరికి తిరిగి కట్టేస్తారు. ఈ మధ్యలో అవి ఎక్కడెక్కడ తిరుగుతాయో వాళ్లకి తెలియదు.

ఆ నాలుగు రోజులూ నాకు చాలా టెన్షన్‌గా గడిచింది. కోపంలో ఒకరు మాంసంలో మందు కలిపి పెడతామన్నారు. అది జరగకుండా కమిటీ వాళ్లం ఇంటింటికీ తిరిగాం. జంతువుకి విషం పెట్టడం భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద నేరం, ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు. చట్టం ఒకటే కాదు, ఆ ముక్కని కాకి ఎత్తుకెళ్లి ఎవరి డాబా మీద పడేస్తుందో, ఏ పసిపిల్ల చేతికి దొరుకుతుందో ఎవరు చెప్పగలరు? మందు పెడతామన్నవారు చివరికి ఆ ఆలోచన మానుకున్నారు. వారికి సంఘం తరఫున కృతజ్ఞతలు.

కుక్కల యజమాని మొదట మావి కావన్నారు. వీడియో చూపించాక మాట్లాడలేదు. మర్నాడు తనే ఆమె ఇంటికి వెళ్లి, తప్పయిపోయింది అమ్మా అన్నారు. అక్కడితో సగం గొడవ తీరింది. మిగతా సగం నష్టం కట్టడం దగ్గర వచ్చింది. మాంసం తూకం లెక్కన కడతామన్నారు వాళ్లు. గుడ్లు పెట్టే పెట్టకీ, పొదిగి పిల్లల్ని తిప్పుకునే పెట్టకీ తూకం లెక్క ఎలా సరిపోతుంది? దీని మీద ఒక ఆదివారం సాయంత్రమంతా కూర్చున్నాం. పుంజుకి తూకం ధర, పెట్టకి దానికి రెట్టింపు, పొదుగులో ఉన్న పెట్టకి గుడ్లతో కలిపి మూడింతలు అని రాసుకున్నాం. ఇది మన కాలనీలో మనం చేసుకున్న ఒప్పందమే, చట్టం కాదు. అయినా ఆ తర్వాత జరిగిన రెండు నష్టాలూ ఈ లెక్కతోనే గొడవ లేకుండా తీరాయి.

డబ్బుకి బదులు ఆమెకి గ్రామప్రియ పెట్టలు కొనిచ్చారు. అవి హైదరాబాద్ కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ తయారుచేసిన రకం, గుడ్లు బాగా పెడతాయి. కానీ నాటు పెట్టలా పొదుగుకి కూర్చోవు. గుడ్లున్నాయి గానీ పిల్లల్లేవని ఆమె అన్నాక, ఇంకో సభ్యురాలు తన నాటు పెట్టని ఇచ్చారు. ఇకపై పోయిన రకమే తెచ్చివ్వాలని రాసుకున్నాం. కొత్త కోళ్లని రెండు వారాలు విడిగా ఉంచి, కొక్కెర తెగులు టీకా వేయించాకే మందలో కలపాలన్నది కూడా అందులోనే ఉంది.

గూళ్ల విషయంలో మనం చాలా నేర్చుకున్నాం. గంప బోర్లించి రాయి పెట్టడం పిల్లికి సరిపోతుందేమో, కుక్క మూతితో నెట్టేస్తుంది. ఆరు మూలల కళ్లుండే పల్చటి కోళ్ల జాలీ కోడిని బయటికి పోకుండా ఆపుతుంది తప్ప కుక్కని లోపలికి రాకుండా ఆపదు, పళ్లతో చీల్చేస్తుంది. వెల్డింగ్ జాలీయే కావాలి. మనది ఎర్రమట్టి, వాన పడితే మెత్తబడిపోతుంది, పది నిమిషాల్లో కుక్క కింద నుంచి గోయి తీస్తుంది. అందుకే జాలీని గోడ దగ్గర ఆపకుండా ఒక అడుగు వెడల్పున బయటికి నేల మీద పరిచి, పైన రాళ్లు పేర్చి మట్టి కప్పాలి. కుక్క గూటి అంచునే తవ్వుతుంది, రెండడుగులు వెనక్కి వచ్చి తవ్వాలని దానికి తోచదు. ఇంకొకటి, సముద్రపు గాలికి మన దగ్గర ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. పైనంతా బాగున్నా నేలకి ఆనిన జానెడు జాలీ ముందు పోతుంది. దానికి ఏటా రంగు వేయండి. తలుపుకి వట్టి గడియ చాలదు, గడియలో మేకు కూడా దూర్చండి. తెల్లవారగానే కోళ్లని వదలకుండా వీధిలో జనం తిరిగే వేళ దాకా ఆగండి.

కుక్కలున్నవారికి కూడా చెప్పాలి. కుక్కల మీద సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో ఇచ్చిన ఉత్తర్వుల గురించి చాలా చర్చ జరిగింది గదా, అవి వీధి కుక్కల గురించి. ఇంటి కుక్కకి టీకా, నులిపురుగుల మందు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ యజమాని బాధ్యతేనని 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు చెబుతున్నాయి. మన దగ్గరున్న జంతువు మనుషులకి హాని చేయకుండా చూసుకోకపోతే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు గానీ, ఐదు వేల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. కోడి వెంటపడ్డ కుక్కకి అడ్డు వెళ్లి మన కాలనీ అబ్బాయి ఒకడు కాటు తిన్నాడు కూడా. వాళ్లమ్మ వెంటనే సబ్బు పెట్టి కుళాయి కింద పదిహేను నిమిషాలు కడిగి, కేజీహెచ్ ఆసుపత్రికి తీసుకెళ్లి, సూదులన్నీ చెప్పిన రోజులకే వేయించింది. అందరం అలాగే చేయాలి.

జులై 6న పశువైద్యశాలల్లో ఉచితంగా వేసే రేబిస్ టీకాకి మన కుక్కల్ని కలిసి తీసుకెళ్లాం. సింహాచలం గిరి ప్రదక్షిణ రాత్రి ముడసర్లోవ నుంచి హనుమంతవాక దాకా రోడ్డు పొడవునా ప్రసాదాలు పంచుతారు, తెల్లారేసరికి విస్తళ్ల కోసం ఎక్కడెక్కడి కుక్కలో గుంపులుగా చేరతాయి. ఈసారి మన కుర్రాళ్లు రాత్రంతా విస్తళ్లు ఏరి సంచులు కట్టారు. ఆ వారం ఒక్క కోడీ పోలేదు. వాళ్లకి సంఘం రుణపడి ఉంది.

అన్నీ సరిపోయాయని చెప్పను. కనుమకి ముందు, నాటుకోడి ధర బాగా పలికే రోజుల్లో, మూడు పుంజులు పోయాయి. ఒక ఇంటివారు ఇప్పటికీ రాత్రి గేటు తీస్తున్నారు. కమిటీ రెండుసార్లు వెళ్లింది, మళ్లీ వెళుతుంది. వారి పేరు ఇక్కడ రాయడం లేదు, వారు మనవాళ్లే.

ఇంకా నాలుగు ఇళ్లలో గూళ్లకి కింద జాలీ పరచలేదు. వానలు మొదలయ్యేలోపు అవి పూర్తి చేద్దాం. గునపం, జాలీ కత్తిరించే కటింగ్ ప్లేయరు, మిగిలిన సగం చుట్ట జాలీ సంఘం గదిలో ఉన్నాయి. ఆదివారం ఉదయం వస్తే తాళం తీసి ఇస్తాను, ఒక్కరే చేసుకోలేనివారికి మనుషులం కూడా వస్తాం.

కార్యదర్శి