డబ్బాలు కొంటే సామాను తగ్గదు

సంపాదకులకు నమస్కారం.

ఇంట్లో సామాను తగ్గించుకోవాలనుకునే వాళ్ళలో చాలామంది ముందుగా చేసే పని ప్లాస్టిక్ డబ్బాలు, కొత్త అరలు కొనడం. దాంతో అక్కర్లేనివి కంటికి కనబడకుండా పోతాయే తప్ప ఇంట్లోంచి పోవు. అసలు చోటు దేనికోసమో ముందు తేల్చుకోవాలి. పిల్లలు చదువుకునే బల్ల కావచ్చు, వ్యాయామానికి ఒక మూల కావచ్చు. అక్కడ ఏ రకం వస్తువులు పేరుకున్నాయో చూసి, ఇల్లంతా ఉన్న ఆ రకాన్ని ఒక్కచోట పోయాలి. గదికొకటి చొప్పున మూడు కత్తెరలున్నాయని అప్పుడే బయటపడుతుంది. ఫొటోలు, ఉత్తరాలు మాత్రం చివరికి ఉంచండి. వాటితో మొదలుపెడితే ఆ పూట అక్కడే గడిచిపోతుంది.

మనదైన వస్తువుకు మనం ఎక్కువ విలువ కడతాం. 1990లో కానెమన్, నెచ్, థేలర్ అనే పరిశోధకులు ప్రచురించిన ప్రయోగాల్లో, చేతిలో మగ్గు ఉన్నవాళ్ళు అడిగిన ధర, లేనివాళ్ళు ఇస్తామన్న దానికి దాదాపు రెట్టింపు. అందుకే 'ఎప్పుడైనా పనికొస్తుందా?' అని అడిగితే జవాబు ఎప్పుడూ అవుననే వస్తుంది. 'ఇది లేకపోతే ఇవాళ కొనుక్కుంటానా?' అని అడగండి. ఎటూ తేలనివి అట్టపెట్టెలో పెట్టి, టేపు వేసి, పైన తేదీ రాయండి. ఆరు నెలల్లో తెరవాల్సిన అవసరం రాకపోతే పంపించేయవచ్చు. బట్టలకైతే హ్యాంగర్లన్నీ వెనక్కి తిప్పి తగిలించి, తొడుక్కున్నవాటిని మాత్రమే మామూలుగా పెట్టాలి. అన్ని కాలాలూ తిరిగి రావాలి కనుక దీనికి ఏడాది గడువు ఇవ్వాలి. అప్పటికీ వెనక్కి తిరిగే ఉన్నవి ఇచ్చేయవచ్చు.

ఎక్కువమంది దెబ్బతినేది తలుపు వెనక పెట్టిన 'ఇచ్చేయాల్సిన సంచి' దగ్గర. వారం గడిస్తే అందులోవి ఒక్కొక్కటిగా మళ్ళీ అరల్లోకి చేరతాయి. ఎవరికివ్వాలో, ఏ రోజు వెళ్ళాలో ఖాయం చేసుకున్నాకే ఏరడం మొదలుపెట్టండి. పాత ఫోన్ ఇచ్చేముందు ఫొటోలు కాపీ చేసుకుని, ఫోన్‌లోంచి మీ గూగుల్ లేదా ఆపిల్ ఖాతాను తీసేసి, ఆ తర్వాతే ఫ్యాక్టరీ రీసెట్ (ఫోన్‌లోవన్నీ చెరిపేయడం) చేయాలి. ఖాతా అలాగే ఉండిపోతే తీసుకున్నవాళ్ళకు ఫోన్ తెరుచుకోకపోవచ్చు. ఉబ్బిన బ్యాటరీని చెత్తబుట్టలో వేయకండి, గుచ్చకండి, నలిగితే నిప్పంటుకోవచ్చు. ఈ-వ్యర్థాలు తీసుకునే చోటే ఇవ్వండి.

ఇంట్లో మిగతావాళ్ళ వస్తువుల జోలికి మాత్రం వాళ్ళను అడగకుండా వెళ్ళకూడదు. చెప్పకుండా ఒక్కటి పారేసినా, ఆ మర్నాటి నుంచి వాళ్ళు ప్రతిదీ దాచుకోవడం మొదలుపెడతారు.

— ఒక పాఠకురాలు