ఆ సిరీస్ మొదట ఎలా చేతికొచ్చిందో చెప్పినవారందరికీ కృతజ్ఞతలు

ఇష్టమైన ఫాంటసీ సిరీస్ మొదట మీకెలా దొరికిందని మేం పాఠకులను అడిగితే, ఒక్క ముక్కలో తేల్చేయకుండా పాత పుస్తకాలు బయటికి తీసి, లోపలి పేజీలు తిరగేసి మరీ జవాబు రాసినవారందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. పేరుపేరునా అంటూనే పేర్లు పెట్టడం లేదు. చాలామంది వద్దన్నారు. ఎవరి సాయం ఎక్కడ పనికొచ్చిందో మాత్రం వివరంగా చెప్పుకోవాలి. రేపు మరొకరెవరైనా ఇదే పనికి పూనుకుంటే వారికీ అక్కరకొస్తుంది.

ముందుగా, ప్రశ్నను మూడు ముక్కలు చేయమన్నవారికి. "మీకు ఎవరు చెప్పారు?" అని అడిగితే స్నేహితుడు, అక్క, టీచరు అని ఒక్క మాట వచ్చి అక్కడితో ఆగిపోతుంది. పేరు మొదట ఎప్పుడు విన్నారు, పుస్తకం ఎప్పుడు చేతికొచ్చింది, చేతికొచ్చింది ఎన్నో భాగం అని విడదీసి అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. వినడానికీ చదవడానికీ మధ్య ఏళ్లు గడిచినవారున్నారు. ఆ రెంటినీ ఒకే గడిలో రాస్తే, పుస్తకాన్ని పరిచయం చేసిన గొప్ప ఎవరో ఒకరికి పోతుంది గానీ, దాన్ని తెచ్చి చేతిలో పెట్టిన మనిషి లెక్కలోకే రారు.

మూడో ప్రశ్నే అన్నిటికన్నా పండింది. సిరీస్‌లోకి మొదటి భాగంతో అడుగుపెట్టనివారు అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ. గ్రంథాలయాల్లో పనిచేసినవారు దీనికి చెప్పిన కారణం సూటిగా ఉంది. మొదటి భాగమే ఎక్కువ చేతులు తిరుగుతుంది. తీసుకున్నవాళ్లందరూ రెండోదాకా రారు కదా. లావు పేపర్‌బ్యాక్ జిగురు వెన్ను అన్ని చేతులు పడ్డాక నడిమధ్యన విరుగుతుంది, అక్కడి పేజీలు ఒక్కొక్కటీ ఊడొస్తాయి. పుస్తకం బైండింగుకు పోతుంది, లేదా తీసుకెళ్లినవారి దగ్గరే ఉండిపోతుంది. అరలో నిగనిగలాడుతూ మిగిలేది రెండో భాగం, మూడో భాగం. కొత్త పాఠకుడి చెయ్యి సహజంగా అటే పోతుంది. మధ్యలో మొదలుపెట్టడం చాలాసార్లు అజాగ్రత్త కాదు, అరలో ఉన్నది అదే.

ఇక కాలం తేల్చడం. ఇందులో మాకు అందిన సాయం అంతా ఇంతా కాదు. "ఏ సంవత్సరంలో చదివారు?" అంటే అందరూ సుమారుగా రౌండు అంకెలే చెబుతారు. 1990, 1995, 2000. "తర్వాతి భాగం కోసం ఎదురుచూశారా, అప్పటికే వచ్చేసి ఉందా?" అని అడగమని ఒకరు సూచించారు. అది పదునైన ప్రశ్న. హ్యారీ పాటర్ నాలుగో భాగం 2000 జూలై 8న, అయిదోది 2003 జూన్ 21న వచ్చాయి. నాలుగూ వరసగా చదివేసి అయిదోదాని కోసం ఎదురుచూశామన్నవారు ఆ రెండు తేదీల మధ్య మొదలుపెట్టినట్టే లెక్క. జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ "ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్" సిరీస్‌లో మూడో నవల 2000లో, నాలుగోది 2005లో, అయిదోది 2011లో వచ్చాయి. ఎదురుచూపు ఎంత పొడుగైతే అంత బాగా గుర్తుంటుంది, కానీ మొదలుపెట్టిన కాలం చుట్టూ గీసే గీత మాత్రం అంత వెడల్పవుతుంది. అలాంటిచోట అప్పుడు ఏ తరగతిలో ఉన్నారు, ఏ ఇంట్లో ఉన్నారు అని కూడా జత చేసి అడగాలి.

జ్ఞాపకానికి ఇంకో అలవాటుంది. మొదట చదివిన ప్రతి ఎప్పుడో పోయి ఉంటుంది. తర్వాత కొనుక్కున్న కాపీకి ఉన్న అట్ట మనసులో దాని స్థానంలో కూర్చుంటుంది. టీవీ సీరియల్ బొమ్మ ఉన్న అట్టతో మార్టిన్ మొదటి నవల "గేమ్ ఆఫ్ థ్రోన్స్"ను 2003లో చదివామంటే పొసగదు, ఆ సీరియల్ మొదలైందే 2011 ఏప్రిల్‌లో. అలాగని చెప్పినవారి మాట అబద్ధమని కొట్టేయకూడదు. చదివిన కాలం నిజమే అయ్యుండొచ్చు, అట్ట మాత్రం తర్వాతది. రెంటినీ వేర్వేరుగా రాసుకుంటే చిక్కు విడిపోతుంది.

అందుకే కాపీరైట్ పేజీ చదవడం నేర్పినవారికి ప్రత్యేకంగా దండం పెట్టాలి. శీర్షిక పేజీ వెనక్కి తిప్పండి. అక్కడ కాపీరైట్ పక్కన ఉన్న సంవత్సరం రచనది, మీ చేతిలోని ప్రతిది కాదు. ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. కింద చిన్న అక్షరాల్లో 10 9 8 7 6 5 4 3 2 1 అన్నట్టు ఒక అంకెల వరస ఉంటుంది. కొన్ని సంస్థలు 1 3 5 7 9 10 8 6 4 2 అని బేసి అంకెలు ఒకవైపు, సరి అంకెలు ఒకవైపు వేస్తాయి. వరస ఎటు నడిచినా, మిగిలి ఉన్న అంకెల్లో అన్నిటికన్నా చిన్నది ఎన్నో ముద్రణో చెబుతుంది. కొత్త ముద్రణ వేసేటప్పుడు ప్లేటు మొత్తం మార్చకుండా ఒక్క అంకె చెరిపేస్తే సరిపోతుందని పుట్టిన ఏర్పాటిది. 4 చిన్నదైతే నాలుగో ముద్రణ. కొందరు ప్రచురణకర్తలు మొదటి ముద్రణకే వరసను 2తో మొదలుపెట్టి, పక్కన "ఫస్ట్ ఎడిషన్" అని వేసిన సందర్భాలున్నాయి కాబట్టి ఒక్క అంకెను పట్టుకుని పందేలు కాయొద్దు.

ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకం గుర్తింపు సంఖ్య, దాని సంగతి ఇంకాస్త ఓపిగ్గా చూడాలి. 2007 జనవరి 1 నుంచి అది 13 అంకెలు, అంతకుముందు 10. కాపీరైట్ పేజీలో 10 అంకెలు మాత్రమే ఉంటే ఆ ప్రతి దాదాపుగా 2007కు ముందుది. రెండూ ఉంటే మార్పు జరుగుతున్న కాలానిదో, ఆ తర్వాతదో. కానీ వెనక అట్ట మీది బార్‌కోడ్ కింద 978తో మొదలయ్యే 13 అంకెలు అంతకు చాలా ముందునుంచే ఉన్నాయి. దాన్ని చూసి "2007 తర్వాతిది" అని రాసేస్తే పదేళ్లకు పైగా తేడా వచ్చే ప్రమాదం ఉంది. ఒకే ఎడిషన్ పాత నంబరునూ కొత్త నంబరునూ పోల్చాలంటే, కొత్తదానిలో మొదటి 978నీ, చివరి అంకెనూ వదిలేయండి. మిగిలిన తొమ్మిదీ పాత నంబరులోని మొదటి తొమ్మిదితో కలవాలి. చివరిది సరిచూసుకునే అంకె, లెక్క మారడంవల్ల అది మారుతుంది. పాత నంబరు చివర ఎక్స్ అక్షరం ఉంటే కంగారు పడక్కర్లేదు, అది 10కి గుర్తు.

అట్టల గురించి రాసినవారిలో ఒకరు పంపిన వివరం మరీ ముచ్చటగా ఉంది. 1965లో అమెరికాలో టోల్కీన్ "ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్" పేపర్‌బ్యాక్‌గా రెండు దారుల్లో వచ్చింది. రచయిత అనుమతి లేకుండా ఏస్ సంస్థ ముందు వేసింది, తర్వాత అనుమతితో బాలెంటైన్ వేసింది. బాలెంటైన్ ప్రతుల వెనక అట్ట మీద, బతికున్న రచయితల పట్ల మర్యాద ఉన్నవారు ఈ ఎడిషనే కొనాలని టోల్కీన్ పేరుతో ఒక మాట ఉంటుంది. బాలెంటైన్ అట్టల బొమ్మలు వేసిన బార్బరా రెమింగ్టన్‌కు పుస్తకాలు చదివే వ్యవధి దొరకలేదు. దాంతో టోల్కీన్ మరో పుస్తకం "ద హాబిట్" అట్ట మీద కథలో ఎక్కడా లేని ఈము పక్షులు, ఒక సింహం వచ్చి చేరాయి. ఇవేమిటని టోల్కీన్ నిలదీశాక సింహాన్ని తీసేశారు, ఈములు మాత్రం ఉండిపోయాయి. కాబట్టి అట్ట మీద సింహం ఉంటే అది తొలినాళ్ల ప్రతి. "బొమ్మలో ఏవో పెద్ద పక్షులుండేవి" అని ఎవరైనా అంటే నవ్వేయకండి, వారి జ్ఞాపకం అక్షరాలా నిజం.

వరస గురించి వచ్చిన జవాబులు వేరే సంగతి. కొత్త పాఠకుడు పుస్తకాన్ని మధ్యలో వదిలేశాడంటే కథ నచ్చలేదని అనుకుంటాం. చాలాసార్లు అతని చేతికొచ్చింది తప్పు పుస్తకం. పోలండ్ రచయిత సప్కోవ్‌స్కీ "విచర్" సిరీస్ అందుకు మంచి ఉదాహరణ. ఇంగ్లీషులో "ద లాస్ట్ విష్" 2007లో, నవలల్లో మొదటిదైన "బ్లడ్ ఆఫ్ ఎల్వ్స్" 2008లో వచ్చాయి. ఈ రెంటి నడుమ చదవాల్సిన కథల సంపుటి "సోర్డ్ ఆఫ్ డెస్టినీ" ఇంగ్లీషులోకి 2015లో గానీ రాలేదు. ఆ మధ్యకాలంలో మొదలుపెట్టినవారికి నవల మొదట్లోనే తలా తోకా అందని బంధాలు ఎదురయ్యాయి. లోపం వారిది కాదు, పుస్తకమే లేదు. ఇప్పుడు మొదలుపెట్టేవారికి మాత్రం ఆ ఇబ్బంది లేదు. రెండు కథల సంపుటాలూ ముందు, నవలలు తర్వాత.

సి. ఎస్. లూయిస్ రాసిన నార్నియా పుస్తకాల వరసపై వచ్చిన వాదోపవాదాలన్నీ చదివాం, అందరికీ కృతజ్ఞతలే. అందులో తేలిన విషయమిది. "ద లయన్, ద విచ్ అండ్ ద వార్డ్‌రోబ్" 1950లో ముందుగా వచ్చింది. "ద మెజీషియన్స్ నెఫ్యూ" 1955లో ఆరోదిగా వచ్చింది, కథాకాలం ప్రకారం మాత్రం అదే మొదటిది. 1994లో హార్పర్‌కాలిన్స్ కథాకాలం వరసకు మారి, దానికి 1 అని నంబరు వేసింది. 1957లో ఒక అబ్బాయికి రాసిన ఉత్తరంలో సి. ఎస్. లూయిస్ ఆ వరస వైపే కాస్త మొగ్గిన మాటా నిజమే. అయినా మొదటిసారి చదివేవారికి 1950 పుస్తకమే ఇవ్వాలన్నది మా అభిప్రాయం. అందులో అస్లాన్ అనే పాత్ర పేరు మొదట వినబడినప్పుడు, ఆ పిల్లలకు తెలిసినంతే నీకూ తెలుసని కథకుడు పాఠకుడితో అంటాడు. ముందే "నెఫ్యూ" చదివేసినవారికి ఆ మాట వర్తించదు. వెన్ను మీద నంబరు చూసి కాకుండా, పుస్తకం పేరు చూసి ఇవ్వండి.

ఒకే నవలను రెండుగా కోసి అమ్మడం మరో తలనొప్పి. రాబర్ట్ జోర్డన్ "ది ఐ ఆఫ్ ద వరల్డ్" 1990 నాటిది. 2002లో దాన్నే చిన్నవయసు పాఠకుల కోసం "ఫ్రమ్ ద టూ రివర్స్", "టు ద బ్లైట్" అని రెండు పుస్తకాలుగా వేశారు. "టు ద బ్లైట్" దొరికినవారు అది సిరీస్‌లో రెండో నవల అనుకున్నారు, నిజానికది మొదటి నవల రెండో సగం. మార్టిన్ మూడో నవల బ్రిటన్ పేపర్‌బ్యాక్‌లో "స్టీల్ అండ్ స్నో", "బ్లడ్ అండ్ గోల్డ్" అనీ, అయిదోది "డ్రీమ్స్ అండ్ డస్ట్", "ఆఫ్టర్ ద ఫీస్ట్" అనీ చీలాయి. అయిదు నవలలు ఏడు పుస్తకాలయ్యాయి. జర్మన్‌లో అవే పది. అందుకే "అయిదో పుస్తకం దాకా చదివాను" అని ఎవరైనా రాస్తే, చివర చదివిన పుస్తకం పేరు అడగకుండా లెక్కలో వేయకూడదు. దీనికి తిరగేసిన చిక్కు కూడా ఉంది. ఫిలిప్ పుల్‌మన్ "నార్దర్న్ లైట్స్", అమెరికాలో వచ్చిన "ద గోల్డెన్ కంపాస్" ఒకే పుస్తకం. రెండూ కొనేసి, రెండోది తెరిచాక తల పట్టుకున్నవారు ఉన్నారు.

ప్రాచెట్ "డిస్క్‌వరల్డ్" పాఠకులది మాత్రం నిశ్చింత. 1983 నుంచి 2015 దాకా 41 నవలలు, మొదటిదానితోనే మొదలుపెట్టాలన్న నియమం లేదు. కాపలాదళం కథలకు 1989 నాటి "గార్డ్స్! గార్డ్స్!" మంచి ద్వారమని ఎక్కువమంది అన్నారు, మేమూ అవుననే అంటాం.

స్పాయిలర్ల విషయంలో జాగ్రత్త చెప్పినవారికి కూడా ధన్యవాదాలు. "ఏ సన్నివేశం మిమ్మల్ని పట్టేసింది?" అని అడిగితే జవాబు చదివే కొత్తవారికి సగం కథ తెలిసిపోతుంది. "ఎన్నో అధ్యాయంలో పట్టుకుంది?" అని అడిగితే పని జరుగుతుంది, గుట్టూ దాగుతుంది. పైగా అధ్యాయం సంఖ్యలు ఎంతో ఉపయోగం. ఎన్ని పేజీలు ఓపిక పట్టాలో కొత్తవారికి కచ్చితంగా చెప్పొచ్చు. మూడో భాగం ఎవరికైనా అరువిచ్చేటప్పుడు వెనక అట్ట మీది సారాంశాన్ని ముందు మీరు చదివి చూడండి. మొదటి భాగంలో ఎవరు బతికారో, ఎవరు పోయారో అక్కడే రాసి ఉంటుంది. ఒక కాగితం చుట్టి ఇస్తే చాలు.

జవాబులను యథాతథంగా ఉంచాం. సంవత్సరం ప్రతిని చూసి సరిచూసినదా, ఎదురుచూపును బట్టి కట్టిన లెక్కా, జ్ఞాపకం మాత్రమేనా అన్నది పక్కన వేరే గడిలో రాశాం. ఇంకా పంపాలనుకునేవారు ముందు అట్ట ఫొటో ఒక్కటే పంపితే చాలదు. కాపీరైట్ పేజీ, వెన్ను, వెనక అట్ట కూడా తీయండి. అంకెల వరస మసకగా ఉంటే పక్కనుంచి వెలుతురు పడేలా పెట్టి తీస్తే అంకెలు స్పష్టంగా కనిపిస్తాయి. లోపల ఎవరిదైనా పేరు, చిరునామా రాసి ఉంటే దాన్ని కాగితంతో కప్పి ఫొటో తీయండి.