భాగస్వామ్యమంటే కుర్చీలు నింపడమా?

సంపాదకులకు,

సూళ్లూరుపేటలో జరిపే పక్షుల పండుగ (ఫ్లెమింగో ఫెస్టివల్) గురించి గత వారం జిల్లా పేజీలో వచ్చిన వార్తలో 'స్థానికుల భాగస్వామ్యంతో' అన్న మాట మూడు చోట్ల కనిపించింది. ఆ స్థానికులను ఎవరు, ఎప్పుడు అడిగారో మాత్రం ఒక్క చోటా లేదు. సూళ్లూరుపేటలో వేదిక ముందు కుర్చీలు నింపడమే భాగస్వామ్యమైతే దానికి కొరతేమీ లేదు లెండి, సినిమా పాటలుంటే జనం వాళ్లే వస్తారు.

మా మండలంలోని నేలపట్టు చెరువు 1976లో పక్షుల అభయారణ్యమైంది. బోర్డు పాతక ముందు గూడబాతులను (పెలికాన్లను) కాచింది చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. పక్షి దిగితే పంట పండుతుందన్న నమ్మకం కొంత, రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎరువన్న లెక్క కొంత. మా పక్షులు అన్న ఆ పట్టింపే లేకపోతే ఎంతమంది వాచర్లను పెట్టినా లాభం లేదు.

అసలు చిక్కు నీళ్ల దగ్గర. ఈశాన్య రుతుపవనాలకు చెరువు నిండితే అక్టోబరు నుంచి పక్షులు చెరువులో పెరిగే కడప చెట్ల మీద గూళ్లు కడతాయి. గుడ్డు పొదగడానికి నెల, పిల్ల గూడు వదలడానికి ఆపైన మూడు నెలలకు తక్కువ పట్టదు. అన్నాళ్లూ చెట్ల మొదళ్లు నీళ్లలో ఉండాలి. నీరు తగ్గిందా, కుక్కలూ నక్కలూ చెట్ల కిందికి చేరతాయి, జారిపడ్డ పిల్ల దక్కదు. వరికి తడి కావలసిందీ అప్పుడే. అంటే చెరువు నీళ్లు వాడుకోకుండా రైతు ఓర్చుకుంటేనే పక్షి నిలుస్తుంది. పండుగ బడ్జెట్‌లో ఆ ఓర్పుకు పద్దు ఎక్కడుందో చూపిస్తే సంతోషిస్తాం.

చెట్ల సంగతీ అంతే. ఏళ్ల తరబడి రెట్ట పడి కొమ్మలు మాడిపోతాయి కాబట్టి కొత్తవి పెంచాలి. ఫొటో కోసం జానెడు మొక్క నాటితే చెరువు నిండగానే మునిగి చస్తుంది. సంచుల్లో మనిషెత్తు పెంచి, ఎండాకాలం చెరువు ఎండినప్పుడు నాటాలి. ఈ మాట ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు, అడగాలి గదా!

2022 ఏప్రిల్‌లో నెల్లూరు నుంచి విడదీసి మమ్మల్ని తిరుపతి జిల్లాలో కలిపారు. అక్కడ పర్యాటకుడంటే కొండ దిగి వచ్చిన భక్తుడే. దర్శనమయ్యాక మిగిలిన పూట ఎక్కడ తిప్పాలన్నదే ప్రణాళిక. మిట్టమధ్యాహ్నం బస్సు దింపితే ఏం చూస్తారు? మేత కోసం పులికాట్ సరస్సు వైపు వెళ్లే పక్షులను పొద్దున్నే చూడాలి, లేదా పొద్దు వాలేటప్పుడు. పులికాట్‌లోనూ ఇదే తంతు. లోతు తక్కువ సరస్సు, దారి తెలియని పడవ బురదలో కూరుకుంటుంది. పడవ షికారు టెండరు పిలిచేటప్పుడు భీములవారిపాలెం మత్స్యకారులు గుర్తుకు రారు, పడవ ఇరుక్కున్నప్పుడు మాత్రం వాళ్లకే కబురు.

చట్టం లేక కాదు. 2002 జీవవైవిధ్య చట్టం 41వ సెక్షన్ ప్రకారం ప్రతి స్థానిక సంస్థలోనూ జీవవైవిధ్య కమిటీ ఉండాలి. కాగితం మీద కాక నిజంగా కూర్చోబెట్టండి. సెప్టెంబరులోనే, అంటే వానలకు ముందే గ్రామసభ పెట్టి తూము ఎప్పుడు తెరవాలో, కట్ట దగ్గరికి వాహనాలు రాకుండా ఎక్కడ ఆపాలో తేల్చండి. టికెట్ల రాబడిలో వాటా పంచాయతీ ఖాతాకు వెయ్యండి. కుర్రాళ్లకు బైనాక్యులర్లిచ్చి గైడ్లుగా తీసుకోండి, అదీ పండుగ జరిగే మూడు రోజులకు కాదు, మార్చి దాకా.

2001లో మొదలై, మధ్యలో కొన్నేళ్లు ఆగి, 2025 జనవరిలో మళ్లీ జరిగిన పండుగ ఇది. వేదికకెంత, భోజనాలకెంత, చెరువుకెంత ఖర్చు పెట్టారో ఆ లెక్క పంచాయతీ ఆఫీసు గోడ మీద అంటించమనండి.

– ఒక రైతు, దొరవారిసత్రం మండలం, తిరుపతి జిల్లా