సినిమా చూసి వచ్చినవాళ్ళు: పాత సైనిక తుపాకుల సేకరణ సంఘం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

గత సర్వసభ్య సమావేశం నుంచి ఇప్పటిదాకా సంఘం ఏం చేసిందో చెప్పే నివేదిక ఇది. జమాఖర్చుల పత్రం కోశాధికారి విడిగా పంపారు. ఆడిట్ పూర్తయింది, అభ్యంతరాలేమీ రాలేదు కాబట్టి ఆ లెక్కల జోలికి నేను వెళ్ళడం లేదు.

ఈ ఏడాది చెప్పుకోవలసిన విషయం కొత్త సభ్యులు. మన దరఖాస్తు ఫారంలో "ఈ ఆసక్తి మీకు ఎలా మొదలైంది?" అని ఒక గడి ఉంది. ఎక్కువమంది అందులో ఏదో ఒక యుద్ధ సినిమా పేరు రాశారు. కొందరు వీడియో గేమ్ పేరు రాశారు. తాతగారి పేరు రాసినవాళ్ళు అరుదు. పాత సభ్యుల్లో కొందరికి ఇది అంతగా రుచించలేదు. "సినిమా మోజుతో వచ్చేవాళ్ళు నాలుగు రోజులుండి పోతారు" అన్న మాట కార్యవర్గ సమావేశంలోనూ వినబడింది.

అది సగమే నిజం. ఎవరు పోతున్నారు, ఎవరు ఉంటున్నారు అని ఏడాదంతా గమనించాక నాకు అర్థమైంది చెబుతాను. తెర మీద తుపాకీ పేలడం చూసి వచ్చినవాళ్ళు పోతున్నారు. సైనికుడు దానితో కుస్తీ పట్టడం చూసి వచ్చినవాళ్ళు ఉంటున్నారు. బురదలో తూటాలు నింపుకోవడం, గుడ్డతో బోల్ట్ (తూటాను లోపలికి నెట్టి మూసే ఇనుప భాగం) తుడుచుకోవడం, ఇరుక్కుపోతే తిట్టుకుంటూ లాగడం, ఇలాంటివి ఒకటి రెండు షాట్లలో వచ్చి పోతాయి. అవి గుర్తుపెట్టుకుని వచ్చిన మనిషికి మనం ఎంత చెప్పినా ఇంకా అడగడానికి ఏదో ఒకటి ఉంటుంది. మొదటి రకాన్ని రెండో రకంగా మార్చడానికే ఈ ఏడాది మన శ్రమలో ఎక్కువ భాగం పోయింది.

సినిమా సాయంత్రాలు

పద్ధతి మీకు తెలిసిందే. ముందు సినిమా, తర్వాత అందులో కనబడిన తుపాకీ అసలుది టేబుల్ మీద. బోల్ట్ తీసి, ఖాళీగా ఉందని ఇద్దరు సభ్యులు విడివిడిగా చూశాకే ఎవరైనా ముట్టుకోవాలి.

ఎక్కువమంది వచ్చింది 'సేవింగ్ ప్రైవేట్ ర్యాన్' రోజున. 1998లో వచ్చిన రెండో ప్రపంచ యుద్ధపు సినిమా అయినా, అందులోని అమెరికన్ సైనిక రైఫిల్ ఎం1 గరాండ్ కోసం ఇప్పటికీ మనుషులను పంపుతూనే ఉంది. కెనడాలో పుట్టిన జాన్ గరాండ్ స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారంలో పనిచేస్తూ దీన్ని రూపొందించాడు. అమెరికా సైన్యం 1936లో దీన్ని స్వీకరించింది. 8 తూటాలు ఒక ఉక్కు క్లిప్‌లో బిగించి, క్లిప్‌తో సహా పైనుంచి లోపలికి నొక్కాలి. ఆఖరి తూటా పేలగానే ఖాళీ క్లిప్ 'టింగ్' మంటూ ఎగిరిపడుతుంది. సినిమాలో అందరికీ నచ్చేది ఆ శబ్దమే. అది విని, ఇటు తూటాలు అయిపోయాయని గ్రహించి శత్రువు మీద పడేవాడన్న కథ ప్రతిసారీ ఎవరో ఒకరు ఎత్తుకుంటారు. చుట్టూ ఫిరంగులు మోగుతుంటే ఆ చిన్న శబ్దం అవతలికి ఎంతవరకు వినబడుతుందో, వినబడినా పక్కనే మిగతా దళం నిండు తుపాకులతో ఉంటుంది కదా, కాస్త ఆలోచించమని మన పెద్దలు ఓపిగ్గా చెబుతూ వచ్చారు.

ఎత్తి చూడగానే కొత్తవాళ్ళ ముఖాలు మారిపోతాయి. ఖాళీ తుపాకీ బరువే 4.3 కిలోలు. నటుడు దాన్ని పట్టుకుని పరిగెత్తుతుంటే ఆ బరువు మనకు తెలియదు. క్లిప్ నొక్కేటప్పుడు బొటనవేలు చప్పున వెనక్కి తీయకపోతే బోల్ట్ వచ్చి దాని మీద పడుతుంది. ఈ సంగతి పుస్తకంలో చదవడం వేరు, డమ్మీ తూటాలతో చేసి చూడడం వేరు. ఆ సాయంత్రం ఐస్ గడ్డలు అవసరపడ్డాయని మాత్రం రాస్తాను, పేర్లు రాయను.

తర్వాత వచ్చే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "అన్ని భాగాల మీదా ఒకే నంబర్ ఉందా?" జర్మన్ రైఫిల్ మౌజర్ 98కె విషయంలో అది సరైన ప్రశ్న. గరాండ్ విషయంలో కాదు. గరాండ్‌కి సీరియల్ నంబర్ రిసీవర్ (బోల్ట్, బ్యారెల్ అమరే ప్రధాన ఉక్కు భాగం) మీద మాత్రమే ఉంటుంది. బోల్ట్ మీదా దాన్ని ఆడించే ఆపరేటింగ్ రాడ్ మీదా కనబడేది డ్రాయింగ్ నంబర్. అది ఆ భాగం ఏ నమూనా ప్రకారం తయారైందో చెబుతుంది, ఏ తుపాకీదో చెప్పదు. పైగా యుద్ధం ముగిశాక ఆయుధాగారాలు లక్షల తుపాకులను విప్పి, అరిగిన భాగాలు పారేసి, చేతికందినవి బిగించి మళ్ళీ నిలబెట్టాయి. యుద్ధకాలపు రిసీవర్‌కి 1950ల బ్యారెల్ ఉందంటే ఎవరో మోసం చేశారని కాదు. చాలాసార్లు ఆ తుపాకీ బతుకే అలా గడిచింది. సినిమాలో చూసినట్టు "1944 నాటిది యథాతథంగా" కావాలని పట్టుబట్టేవాళ్ళే నకిలీ ముద్ర కొట్టిన కొత్త చెక్క భాగానికి డబ్బు పోసి వస్తున్నారు.

'జులూ' వేసిన రోజు నవ్వులు ఎక్కువ. 1964 నాటి ఆ సినిమా 1879 జనవరిలో దక్షిణాఫ్రికాలో బ్రిటిష్ సైనికులకూ జులూలకూ జరిగిన రోర్క్స్ డ్రిఫ్ట్ పోరు కథ. అందులో ముఖ్య ఆయుధం బ్రిటిష్ రైఫిల్ మార్టిని-హెన్రీ. కింది లివర్ లాగితే లోపలి దిమ్మ దిగుతుంది, ఒక్కసారికి ఒక్క తూటా. అదంతా బాగానే చూపించారు. కానీ అధికారి చేతిలో ఉన్న వెబ్లీ రివాల్వర్ మార్క్ 6 రకం, అది 1915లో గానీ రాలేదు. వెనక వరసలో కొందరి చేతుల్లో తర్వాతి కాలపు బోల్ట్ రైఫిళ్ళు కూడా ఉన్నాయి. ఇవి పట్టుకోవడానికి ఆ రోజు పోటీయే నడిచింది. ఇలాంటి పోటీలు చిల్లర వినోదమని కొట్టిపారేయకండి. తప్పు పట్టాలంటే ముందు ఒప్పు తెలియాలి కాబట్టి, ఆ వారం లైబ్రరీలో మార్టిని పుస్తకాలు షెల్ఫ్‌లో ఆగలేదు. 2003లో నేపాల్ రాజ్యపు పాత ఆయుధాల గోదాము, కఠ్మాండూలోని లగన్ సిలేఖానాలో ఉన్న సరుకు అమెరికన్ వ్యాపారులకు అమ్ముడుపోయాకే ఈ తుపాకులు మామూలు సేకరణదారుల చేతికి పెద్ద ఎత్తున వచ్చాయని అప్పుడే చాలామందికి తెలిసింది.

మొదటి ప్రపంచ యుద్ధపు సినిమా '1917' వేసిన రోజున టేబుల్ మీద పెట్టింది బ్రిటిష్ రైఫిల్ మార్క్ 3 లీ-ఎన్‌ఫీల్డ్. బోల్ట్ పిడికి కింద, కుడివైపు ఇనుప పట్టీ మీద చదవడం ఎలాగో నేర్పాం: పైన కిరీటం, దాని కింద రాజు పేరు పొడి అక్షరాలు, తయారుచేసిన ఫ్యాక్టరీ, సంవత్సరం, ఆ కింద రకం. రకం పక్కన చిన్న నక్షత్రం ఉంటే అది యుద్ధం మధ్యలో పని తగ్గించుకోవడానికి సులువు చేసిన నమూనా. గుంపుగా దూరానికి కాల్చడానికి ఎడమ పక్కన ఉండే అదనపు సైట్‌ను (గురి చూసే అమరికను) అందులో ఎత్తేశారు. భూతద్దం, టార్చి చేతికిచ్చి ఈ నాలుగు వరసలు చదివిస్తే సినిమా సంగతి మరిచిపోయి అరగంట అక్కడే కూర్చున్నవాళ్ళను చూశాను. నిమిషానికి 15 తూటాలు గురి తప్పకుండా కాల్చడం అప్పటి బ్రిటిష్ పదాతి సైనికుడి శిక్షణలో భాగమని చెబితే, బోల్ట్ ఆడించి చూడడానికి వరస కట్టారు.

కొనుగోళ్ళు, మోసాలు

ఒక సినిమా హిట్టయితే అందులోని తుపాకీ ధర పెరుగుతుంది, ఆ వెనకే నకిలీలు దిగుతాయి. 2001లో 'ఎనిమీ ఎట్ ది గేట్స్' వచ్చాక రష్యన్ రైఫిల్ మోసిన్-నాగాంట్‌కి జరిగింది ఇదే. ఆ రైఫిళ్ళు మొత్తం 3.7 కోట్ల దాకా తయారయ్యాయి. అంటే అరుదైన వస్తువేమీ కాదు. అరుదైనది దూరదర్శిని బిగించిన స్నైపర్ రకం. అందరికీ కావలసింది అదే. ఆ సినిమా కథానాయకుడైన సోవియట్ స్నైపర్ వసీలీ జైత్సెవ్ వాడిన తుపాకీ వోల్గోగ్రాడ్ మ్యూజియంలో ఉంది. అలాంటిది ఇంట్లో ఒకటి ఉండాలన్న కోరికను నేను తప్పుపట్టను. సినిమాలో కథ నడిచేది జర్మన్ మేజర్‌తో జరిగిన ద్వంద్వ యుద్ధం మీద, చరిత్రకారుల్లో చాలామంది దాన్నే నమ్మరు. అయినా తుపాకీ మీద మోజు తగ్గలేదు.

మన సభ్యుడొకరు ఈ ఏడాది ఒక అమ్మకందారు దగ్గర "అసలు స్నైపర్" అని కొని తెచ్చారు. పైన పటారం, లోన లొటారం. మామూలు రైఫిల్‌కి కొత్తగా రంధ్రాలు వేసి, ఈమధ్య తయారైన మౌంటు (దూరదర్శినిని పట్టి ఉంచే బిగింపు) బిగించి, బోల్ట్ పిడిని వంచి వెల్డింగ్ చేశారు. వెల్డింగ్ గీత మీద నలుపు ఇంకా వేలికి అంటుతోంది. అసలు వాటిలో దూరదర్శిని నంబర్‌ను బ్యారెల్ మొదట్లో చెక్కేవారు. ఇక్కడ ఆ చోటు నున్నగా ఉంది. దీనికి తిరగబడ్డ రకం కూడా ఉందని గుర్తుంచుకోండి. యుద్ధం తర్వాత సోవియట్ ఆయుధాగారాలు చాలా స్నైపర్ రైఫిళ్ళ దూరదర్శినులు తీసేసి, రంధ్రాలు పూడ్చి, మామూలు రైఫిళ్ళుగా మార్చాయి. పూడ్చిన ఆ గుండ్రని మచ్చలున్న తుపాకీ చూడడానికి అనాకారిగా ఉంటుంది గానీ నిజాయితీ దానిదే.

ఇకనుంచి ఎవరైనా కొనేముందు ఫోటోలు పరిశీలన ఉపసంఘానికి పంపితే చూసి చెబుతారు. రిసీవర్, బోల్ట్, బ్యారెల్ మొదలు, చెక్క మీది ముద్రలు, ఇవి స్పష్టంగా ఉండాలి. గోడకు వేలాడదీసి దూరం నుంచి తీసిన ఫోటో దేనికీ పనికిరాదు.

లీ-ఎన్‌ఫీల్డ్ కొనేవాళ్ళకు ఒక హెచ్చరిక. "డి.పి." ముద్ర ఉంటే అది కవాతుకు మాత్రమే కేటాయించిన తుపాకీ. కాల్చడానికి అది సురక్షితం కాదు. ఆ ముద్ర పెయింట్ కిందో పుట్టీ కిందో దాగి ఉండవచ్చు. పేరున్న గన్‌స్మిత్ పరీక్షించనిదే ఏ పాత తుపాకీలోనూ అసలు తూటా పెట్టవద్దు.

చట్టం, వారసత్వం

టీవీలో పాత యుద్ధ సినిమా వేసిన మర్నాడు మనకు ఫోన్లు వస్తాయి. "మా మామయ్య పెట్టెలో అచ్చం అలాంటిదే ఉంది, తీసుకురమ్మంటారా?" వద్దు. దాన్ని కారులో వేసుకుని బయలుదేరడమే చాలా చోట్ల నేరం. ముట్టుకోకుండా, పిల్లలను దూరంగా ఉంచి, ముందు పోలీసులకు ఫోన్ చేసి ఏం చేయాలో అడగమని చెబుతున్నాం. దశాబ్దాలు మూలన పడున్న తుపాకీలో తూటా ఉండకూడదనేమీ లేదు.

చట్టాలు దేశానికో తీరు. అమెరికా ఫెడరల్ చట్టంలో 1898 వరకు తయారైనవి పురాతనాలు. బ్రిటన్‌లో 2021 నుంచి 1939 సెప్టెంబరు 1కి ముందు తయారై ఉండాలన్న షరతుతో పాటు, వాడుకలో లేని తూటా రకాల జాబితా కూడా ఉంది. భారత్‌లో .303 లాంటి సైనిక బోరు తుపాకీకి మామూలు లైసెన్స్ ఇవ్వరు. సినిమా టికెట్ ఎక్కడైనా దొరుకుతుంది, ఇది దొరకదు. అది విని నిరాశపడ్డవాళ్ళలో కొందరు క్లిప్పులు, సంచులు, శుభ్రం చేసే డబ్బాలు, శిక్షణ పుస్తకాలు సేకరించడం మొదలుపెట్టారు. నన్నడిగితే ఈ ఏడాది చూసిన సేకరణల్లో మంచివి కొన్ని వాళ్ళవే. ఒక్క తుపాకీ కూడా లేకుండా సైనికుడి రోజువారీ బతుకు మొత్తం కళ్ళ ముందు పెడుతున్నారు.

వర్క్‌షాప్, ఇతర పనులు

గోదాముల్లో తుప్పు పట్టకుండా పూసిన మైనం లాంటి గ్రీజు వదిలించడం, రేగిన చెక్కకు అవిసె నూనె పట్టించడం, పాత తూటాలు కాల్చిన బ్యారెల్‌ను శుభ్రం చేయడం మీద తరగతులు జరిగాయి. చివరిదానికి కాస్త పట్టుబట్టాను. పాత సైనిక తూటాల ప్రైమర్‌లోని (మందుకు నిప్పంటించే భాగంలోని) రసాయనం కాలాక ఒక రకం ఉప్పుగా మిగులుతుంది. అది గాలిలోని తేమ పీల్చి బ్యారెల్‌ను తినేస్తుంది. నూనె ఆ ఉప్పును కరిగించలేదు. ముందు వేడినీళ్ళు, ఆరబెట్టాకే నూనె.

యుద్ధం తర్వాత చవకగా దొరికిన సైనిక రైఫిళ్ళను చెక్క కోసి వేటకు మార్చుకోవడం ఒకప్పుడు మామూలే. ఇప్పుడు సినిమా చూసి అసలు రూపం కావాలంటున్నారు. అలా తిరిగి పూర్తిరూపం ఇస్తున్నవి సంఘంలో కొన్ని ఉన్నాయి. బ్యారెల్ పొట్టిగా కోసేసినవాటి జోలికి మాత్రం వెళ్ళవద్దన్నదే మా సలహా. అది డబ్బు పోయి శని పట్టే వ్యవహారం.

లైబ్రరీకి కొత్త బీరువా వచ్చింది. పుస్తకాల జాబితా తయారవుతోంది, సాయం చేసేవాళ్ళు కావాలి.

వచ్చే ఏడాది సినిమా సాయంత్రాలు కొనసాగుతాయి. మొదటి ప్రపంచ యుద్ధపు జర్మన్ వైపు నుంచి ఒకటి వేయాలని, జర్మన్ రైఫిల్ గెవేర్ 98 టేబుల్ మీద పెట్టాలని ప్రతిపాదన. సభ్యుల దగ్గర అది ఉంటే తెలియజేయండి. సర్వసభ్య సమావేశం రోజున ప్రదర్శనకు తెచ్చేవాళ్ళు వస్తువుల జాబితా, లైసెన్స్ ప్రతి ముందుగానే పంపాలి. తుపాకీ ఒక సంచిలో, బోల్ట్ వేరే సంచిలో తేవాలి. తూటాలు, ఖాళీ తూటా గుల్లలయినా సరే, హాల్లోకి అనుమతించం.

ఇట్లు,
కార్యదర్శి