అయ్యగారు పోతే పిల్లల సంగతేంటి?

సంపాదకుడి గారికి,

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం ప్రకటించిన నాటి నుంచి, ఇవ్వాలా వద్దా అన్న రగడే వింటున్నాం. నేను అడిగేది వేరు. అది పనిచేసే మనిషికిచ్చే డబ్బు. ఆ మనిషే పోతే పిల్లల గతేమిటి?

మా నాన్న పల్లెటూరి పాస్టరు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా పోయారు. సంఘస్తులు మాతోపాటు ఏడ్చారు, నెల రోజులు అన్నం పెట్టారు. ఎవరినీ తప్పుపట్టను. కానీ మేమున్న ఇల్లు మందిరానిది. రెండు నెలలు తిరక్కుండా కొత్త అయ్యగారి సామాన్ల లారీ గుమ్మం ముందు ఆగింది. అమ్మ డబ్బాలోంచి బియ్యం మూటగట్టుకుంది. అవి పిడికెడు బియ్యం. ఆడవాళ్లు ఎసరు పెట్టినప్పుడల్లా దేవుడి పేర ఓ పిడికెడు తీసి, ఆదివారం తెచ్చిచ్చేవి. సన్నవీ లావువీ కలిసిపోయి, ఎంత ఉడికించినా సగం పలుకుగానే ఉండేవి.

ఇది ఎక్కడా కొత్త బాధ కాదు. ఇంగ్లండులో రాజును కూలదోసిన క్రాంవెల్ కాలంలో రాజు పక్షం వహించిన చర్చి గురువులు ఎందరో కొలువులు పోయి వీధిన పడ్డారు. 1655లో లండన్ సెయింట్ పాల్స్‌లో వాళ్ల కుటుంబాల కోసం ఆరాధన పెట్టి చందాలెత్తారు. ఎత్తిందెవరు? గురువుల కొడుకులే, లండన్‌లో వ్యాపారాల్లో నిలదొక్కుకున్నవాళ్లు. 1678లో రాజు రెండో చార్లెస్ వాళ్ల సంఘానికి చార్టర్, అంటే రాజముద్ర ఉన్న గుర్తింపు పత్రం, ఇచ్చాడు. పేరు మారింది గానీ, ఇప్పటికీ నడుస్తోంది.

స్కాట్లండ్ వాళ్లది ఇంకా పక్కా పని. 1744లో గురువులే ఏటా తలా ఇంత కట్టే నిధి పెట్టుకున్నారు. కట్టినదాన్నిబట్టి భార్యకు ఏడాదికి 10 నుంచి 25 పౌండ్లు. భార్య లేక పిల్లలే మిగిలితే, పదేళ్ల సొమ్ము ఒకేసారి వాళ్ల చేతికి. ఆ లెక్కలు సరిచూసింది కాలిన్ మెక్లారిన్ అనే గణిత ఆచార్యుడు. లెక్కల మాస్టరుగా రిటైరైనవాణ్ణి, ఈ సంగతి నాకు మహా ముచ్చట.

మన పెద్ద మిషన్ సంఘాల్లో పీఎఫ్ లాంటిది కాస్తో కూస్తో ఉంటుంది. రేకుల షెడ్డులో ప్రార్థన నడిపే స్వతంత్ర పాస్టరుకు అదీ లేదు. సీఎస్ఐ, లూథరన్, బాప్టిస్టు అన్న శాఖల తేడా లేకుండా అందరికీ కలిపి ఒక ట్రస్టు ఉండాలి. బిషప్పుల ఎన్నికలకూ ఆస్తుల తగాదాలకూ దూరంగా, ఏటా ఆడిట్ లెక్క బయటపెట్టేలా ఉండాలి. ఫీజు నేరుగా బడికే వెళ్లాలి. పిల్లాణ్ణి చెక్కుతో నిలబెట్టి ఫొటో తీయడం మాత్రం వద్దు. నన్ను ఒకసారి అలా నిలబెట్టారు, చొక్కా కూడా వాళ్లదే.

డబ్బుకేం కరువు? కోత పండగ వేలంలో ఒక్క గుమ్మడికాయను వేలకు పాడుకునే సంఘాలు మనవి. పాస్టర్ల పిల్లల్లో డాక్టర్లున్నారు, డల్లాస్‌లో ఉద్యోగాలు చేసేవాళ్లున్నారు. ముందు కదలాల్సింది మేమే. ఖాతా తెరిచిన రోజు నా నెల పెన్షన్ అందులో వేస్తాను. లెక్కలు రాయమన్నా రాస్తాను.

ఇట్లు,
ఒక పాస్టరు గారి అబ్బాయి,
గుంటూరు జిల్లా